పెళ్ళి డ్రోన్ గారికి, పెళ్ళికూతురి మేనమామ వ్రాయునది

మహారాజశ్రీ డ్రోన్ గారికి, ఉభయకుశలోపరి.

మా మేనకోడలి పెళ్ళికి ముహూర్తం పెట్టింది పంతులుగారే అయినా, నడిపింది మాత్రం తమ బ్యాటరీ. అరగంటకు మించి గాలిలో నిలవలేరు కదా, ఛార్జి తగ్గగానే దిగిపోయారు. రెండో బ్యాటరీ ఎక్కేదాకా సన్నాయి సహా అందరం నోళ్ళు మూసుకుని కూర్చున్నాం.

తెర సంగతికి వద్దాం. జీలకర్ర బెల్లం పెట్టేదాకా పిల్లా పిల్లాడూ ఒకరినొకరు చూసుకోకూడదని మధ్యలో తెర పట్టుకుంటాం. చేతులు పీకుతున్నా మావాళ్ళు దాన్ని దించలేదు. తమరు పైనుంచి రెండు పక్కలా చూసి, ఆ బొమ్మను ఎల్ఈడీ తెర మీద వేశారు. పెళ్ళికొడుకు మెడ తిప్పి అటు చూశాడు. మంత్రం ఆపి పంతులుగారూ చూశారు.

తమ నాలుగు రెక్కల్లో రెండు కుడికి, రెండు ఎడమకు తిరుగుతాయట. అన్నీ ఒకవైపే తిరిగితే తమరే బొంగరమైపోతారట. బాగుంది. ఆ నాలుగూ కిందికి తోసిన గాలికి మా అక్షింతలన్నీ వరుడి మేనత్త కొప్పులో చేరాయి. దీర్ఘసుమంగళీభవ అన్న దీవెన ఆవిడకే దక్కింది.

ఇంతా చేసి, చట్టం దృష్టిలో తమరు విమానం! 2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపుంటే ‘మైక్రో’. సరదాకి ఎగరేసేవాడికి సర్టిఫికెట్ అక్కర్లేదు, డబ్బు పుచ్చుకుని ఎగరేసేవాడికి కావాలి. అతనికి 18 ఏళ్ళు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ గుర్తింపున్న చోట శిక్షణ పొందాలి. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేనిదే 200 అడుగుల ఎత్తు దాటకూడదు. ఇంకా దగ్గరైతే అనుమతి లేనిదే నేల వదలకూడదు. మా ఫంక్షన్ హాలేమో శంషాబాద్ పక్కనే. లైసెన్సుందా బాబూ అని తమ సారథిని అడిగితే, “అన్నీ ప్యాకేజీలోనే ఉన్నాయంకుల్” అన్నాడు.

తమ వంశం మీద నాకేం కోపం లేదు. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో మందులు మోశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగితే అన్నం పొట్లాలు అందించారు. ఆ మరుసటి నెలలోనే పున్నమి ఘాట్ దగ్గర 5,500కు పైగా కలిసి ఆకాశంలో బొమ్మలు గీసి, గిన్నిస్ రికార్డులు కొట్టారు. పొలాల్లో తమ అన్నగార్లు 10 లీటర్ల ట్యాంకు మోస్తూ మందు కొడుతున్నారు. అంతటి వంశంలో పుట్టి తమరు మొదటి బంతిలో ఎవరెన్ని గారెలు తిన్నారో లెక్కపెట్టడమేమిటి?

మాఘంలో చిన్నదాని పెళ్ళి. తమరు మానరు, మావాళ్ళు మాననివ్వరు. ఒక్క మనవి. మొన్న నేను పిల్లను గంపలో మోసుకొచ్చి దించగానే, “ఫ్రేమ్ తప్పింది అంకుల్, మళ్ళీ రండి” అన్నారు. మళ్ళీ మోశాను. ఇంకా కుంటుతున్నాను. నియమాల్లో 150 కిలోలు దాటిన ‘లార్జ్’ డ్రోన్లు కూడా ఉన్నాయని చదివాను. ఈసారి వారిలో ఒకరిని పంపండి. గంప వారే ఎత్తుతారు, నేను కింద నిలబడి ఫ్రేమ్ చూసుకుంటాను.

ఇట్లు,
మేనమామ