బొప్పాయి మొక్క మెడలో వేలాడే లేబుల్ గారికి

లేబుల్ గారూ,

నమస్కారం పెట్టే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే మీరు మొక్క కన్నా పెద్దవారు. వయసులో కాదు, సైజులో. మొక్క జానెడు, మీరు జానెడున్నర, పైగా లామినేషన్ ఒకటి. హైవే పక్కన షేడ్‌నెట్ కింద మీ బరువుకి ఆ పిల్ల మొక్క ఒక పక్కకి వాలిపోయి ఉంది. మీ మీద ఒక బొమ్మ, ఆ బొమ్మలో మోకాలెత్తు చెట్టుకి నేల దాకా కాయలు, పక్కన నవ్వుతూ ఒక చిన్నపాప. కింద పెద్ద అక్షరాలతో: థాయ్ తైవాన్ రెడ్ లేడీ డ్వార్ఫ్, సీడ్‌లెస్, 100 శాతం ఆడ మొక్క, అన్ని వాతావరణాలకూ అనువైనది, 6 నెలల్లో పండు. అంత చిన్న అట్టముక్క మీద ఇన్ని అబద్ధాలు ఒకదానికొకటి తగలకుండా సర్దడం మామూలు పని కాదండి, ఆ విషయంలో మీకు పూర్తి మార్కులు.

ముందు దేశాల సంగతి చూద్దాం. థాయ్‌లాండ్ వేరు, తైవాన్ వేరు, మధ్యలో బోలెడంత సముద్రం ఉంది. రెడ్ లేడీ తైవాన్‌ది, అక్కడి విత్తనాల కంపెనీ తయారుచేసిన హైబ్రిడ్, మన రైతులు 786 అని పిలిచేది దాన్నే. వైజాగ్ ఎంవీపీ కాలనీ రైతు బజార్లో పొడుగ్గా, కోస్తే ఎర్రగా కనిపించే కాయల్లో ఎక్కువ భాగం ఆ వంశానివే. థాయ్‌లాండ్ వాళ్లకి వాళ్ల సొంత రకాలున్నాయి, పచ్చికాయని తురిమి, మిరపకాయలూ నిమ్మరసం వేసి రోట్లో దంచుకుని తింటారు. ఈ రెండు దేశాలకీ మీరు ఎప్పుడు వియ్యం కలిపారో తెలీదు. డ్వార్ఫ్, అంటే పొట్టి రకం, అన్న మాట కూడా అంతే. రెడ్ లేడీ తక్కువ ఎత్తులోనే కాపు మొదలుపెడుతుంది, ఒప్పుకుంటాను, కానీ అక్కడితో ఎదగడం ఆపేయదు, రెండో ఏడాదికి కాయ కోయాలంటే స్టూలు కావాలి.

6 నెలల్లో పండు గురించి ఎక్కువ మాట్లాడను. నాటిన నాలుగైదు నెలలకి పూత కనబడితే సంతోషం, పండు నోట్లోకి రావాలంటే తొమ్మిది, పది నెలలు పడుతుంది. మీరు 6 అని రాసింది పూతనా, పండునా, మీ నర్సరీ అద్దె ఒప్పందం గడువునా అన్నది మీకే తెలియాలి.

ఇక అసలు గొడవ 100 శాతం ఆడ దగ్గర. ఇక్కడే మీరు నిజంగా మా చెవిలో పువ్వు పెడుతున్నారు, అదీ మగ పువ్వు. బొప్పాయిలో మగ చెట్లుంటాయి, ఆడ చెట్లుంటాయి, ఒకే పువ్వులో రెండూ ఉండే ద్విలింగ చెట్లుంటాయి. మగ చెట్టుకి పొడవాటి కాడలు వేలాడుతూ గుత్తులు గుత్తులుగా సన్నటి పూలు పూస్తాయి, ఆడ పువ్వు లావుగా, మానుకి అంటుకుని కూర్చుంటుంది. ఆడ చెట్టు కాయ గుండ్రంగా, ద్విలింగ చెట్టు కాయ పొడుగ్గా వస్తుంది. ఇదంతా పూత వచ్చాక మాట. నారు దశలో వేరు నిటారుగా దిగితే మగ, చీలితే ఆడ అని తేల్చేసే మేధావులు మా ఊళ్లో వీధికొకరున్నారు కానీ, ల్యాబులో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే తప్ప పూతకి ముందు ఆ ముచ్చట తెలియదు. "గేరంటీ అక్కా, పక్కా ఆడదే" అని నర్సరీ కుర్రాడు నాకు చెప్పాడు. ఆ గేరంటీ ఎలా వచ్చిందయ్యా అంటే మిమ్మల్ని తిప్పి చూపించాడు. అతనికి మీరు ఆధారం, మీకు అతను ఆధారం, మధ్యలో డబ్బులిచ్చింది నేను.

అసలు విత్తనం నుంచి అన్నీ ఆడ మొక్కలే పుట్టే దారే బొప్పాయికి లేదండి. ఆడ పువ్వుకి మగ చెట్టు పుప్పొడి తగిలితే వచ్చే విత్తనాల్లో సగం మగ, సగం ఆడ. అదే ఆడ పువ్వుకి ద్విలింగ చెట్టు పుప్పొడి తగిలితే సగం ఆడ, సగం ద్విలింగ. ద్విలింగ పువ్వు తన పుప్పొడితో తనే కాయ కాస్తే, మొలిచిన వాటిలో మూడింట రెండు వంతులు ద్విలింగ, ఒక వంతు ఆడ, మగ ఒక్కటీ ఉండదు, అయితే విత్తనాల్లో నాలుగో వంతు పిండం దశలోనే పోతాయి. ఏ లెక్కన చూసినా మీ 100 రాదు. పోనీ, మాట వరసకి మీరు చెప్పిందే నిజమై మా కాలనీలో ఉన్నవన్నీ ఆడ చెట్లే అయ్యాయనుకోండి, పుప్పొడి ఎక్కణ్ణుంచి వస్తుంది? పూలు రాలిపోతాయి, నిలిచిన ఒకటీ అరా కాయలు గింజల్లేకుండా చిన్నగా ఉండిపోతాయి. ఓహో, మీరు సీడ్‌లెస్ అన్నది ఇందుకేనా? అలాగైతే మీరు నేననుకున్నదానికన్నా తెలివైనవారు.

ఈ ఆడా మగా గొడవ వల్ల నిజంగా దెబ్బతినేది మిద్దె మీద ఒక్క డ్రమ్ము పెట్టుకున్నవాళ్లు. పూసా నన్హా అని ఒక రకం ఉంది, బిహార్‌లోని పూసా పరిశోధన కేంద్రం వాళ్లు గామా కిరణాలతో మార్పు తెచ్చి తయారుచేశారు, అడుగు ఎత్తు నుంచే కాయలు మొదలవుతాయి. అసలైన పొట్టి రకం అంటే అది, డ్రమ్ముకి అంతకన్నా సరిపోయేది ఇంకోటి లేదు. కానీ దాంట్లో ద్విలింగం ఉండదు, మగా ఆడా విడివిడి చెట్లే. ఒకే డ్రమ్ములో ఒకే మొక్క పెట్టుకుంటే బొమ్మా బొరుసా ఆటే. అందుకే తెలిసినవాళ్లు గుంతకి మూడేసి మొక్కలు పెడతారు, పూత రాగానే మగవాటిని పీకేసి మంచిదొకటి ఉంచుకుంటారు, పది ఆడ చెట్లకి ఒక మగ చెట్టు మాత్రం వదులుతారు. మీరు ఈ సంగతి రాయరు. మొక్కకొక లేబుల్, లేబుల్‌కొక రేటు కదా, మూడు పెట్టి రెండు పీకమంటే కొనేవాడు బేరం మొదలుపెడతాడు.

అర్క సూర్య, అర్క ప్రభాత్ అని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల రకాలున్నాయి, కూర్గ్ హనీడ్యూ ఉంది, వీటిలో మగ చెట్లు రావు, ఆడా ద్విలింగమే. ఇల్లంటే నలుగురే కాబట్టి కిలోకి లోపే ఉండే అర్క సూర్య కాయే మాకు చాలు, రెండు కిలోల కాయ కోస్తే సగం ఫ్రిజ్‌లోకి, అక్కడ నుంచి ఎక్కడికో అందరికీ తెలిసిందే. ఇంత పనికొచ్చే పేర్లు మీ మీద ఎప్పుడూ చూడలేదు. వీటిలో విదేశం లేదు కదా!

మీ బంధువు ఒకాయన, విత్తనాల ప్యాకెట్ల ప్రకటన గారు, ఫోన్‌లో తిరుగుతుంటాడు, ఆయన సంగతి కూడా మీకే చెప్పాలి. ఊదారంగు బొప్పాయి, నీలం బొప్పాయి, కోస్తే లోపల ద్రాక్షరసం రంగు. బొప్పాయి గుజ్జు పసుపు, నారింజ, ఎరుపు దాటి పోదండి. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీనే దీనికీ ఎరుపునిస్తుంది, అది ఒక జన్యువు మీద ఆధారపడిన విషయం, అందులోనూ పసుపుదే పైచేయి. ఎర్ర గుజ్జు రకానికీ పసుపు గుజ్జు రకానికీ జత కడితే పిల్లలు పసుపే. హవాయిలో వైరస్ వచ్చి తోటలు పోతుంటే జన్యుమార్పిడి చేసి 1998లో రైతులకిచ్చిన రెయిన్‌బో రకం కూడా అలా పుట్టిందే, తల్లిదండ్రుల్లో ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. పేరు ఇంద్రధనస్సు, లోపల పసుపు. మీ బంధువు మాత్రం ఆ పేరుతో ఏడు రంగుల ముక్కల ఫొటో పెట్టి ప్యాకెట్టు అమ్ముతున్నాడు! ఊదా రంగు కావాలంటే కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల సీఓ 4 రకంలో ఉంది, కాకపోతే మానుకీ ఆకు కాడలకీ, కాయ లోపల కాదు. మా దొడ్లో అలాంటి చెట్టు చూసి వచ్చినవాళ్లంతా దానికేమైనా తెగులా అని అడుగుతారు, ఆ చిన్న గర్వం నాకు చాలు.

అదే మహానుభావుడు సీడ్‌లెస్ బొప్పాయి విత్తనాలు కూడా అమ్ముతున్నాడు. మళ్లీ చదవండి. సీడ్‌లెస్ బొప్పాయి. విత్తనాలు. ప్యాకెట్టు మీద బొమ్మ బబాకోది, ఈక్వడార్ కొండల్లో చల్లటి చోట పండే బొప్పాయి చుట్టం, అడ్డంగా కోస్తే ఐదు కోణాల నక్షత్రంలా ఉంటుంది. దానికి నిజంగానే గింజలుండవు, అందుకే కొమ్మ ముక్కలు నాటి పెంచుతారు. వైజాగ్ మే నెల ఉక్కపోతలో దాన్ని బతికించాలంటే దానికి విడిగా ఏసీ గది కావాలి.

వైజాగ్ అన్నాం కాబట్టి అన్ని వాతావరణాల మాట. ఇక్కడ ఎండాకాలం ముదిరితే ద్విలింగ చెట్ల పూలలో ఆడ భాగం ఎదగక అవి మగ పూల వేషం కట్టి రాలిపోతాయి, చల్లబడ్డాక మళ్లీ పిందెలు మొదలవుతాయి. ఆ రెండు నెలలూ చెట్టుని తిట్టి నరికేసినవాళ్లని చూశాను. చెట్టు మొదలు దగ్గర ఒకటి రెండు రోజులు నీరు నిలిచినా చాలు, వేరు కుళ్లి నిన్నటిదాకా పచ్చగా ఉన్నది ఇవాళ పడిపోతుంది. అక్టోబర్ వచ్చిందంటే గాలి గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదికి వచ్చిన రోజు నిలబడ్డ మహావృక్షాలే కూలాయి, లోపల బోలుగా, వేళ్లు పైపైనే ఉండే బొప్పాయి ఎంత? కాయల బరువున్న చెట్టుకి వర్షాలకి ముందే కర్ర కట్టాలని, మొదలు చుట్టూ మట్టి ఎత్తు చెయ్యాలని రాయడానికి మీ దగ్గర చోటు లేదు, చిన్నపాప బొమ్మకి మాత్రం ఉంది.

మేమూ తక్కువ తినలేదు లెండి. ఊళ్లో మిద్దె తోటలవాళ్లం కలిస్తే కాయ రుచి సంగతి ఎవరూ అడగరు, "మీ దగ్గర ఏ రకం" అనే అడుగుతారు. నాటు రకం అంటే జాలిగా చూస్తారు. పేరు ఎంత పొడుగుంటే అంత మర్యాద. పేరు కోసం ఇంత ఆకలితో ఉన్నవాళ్లకి మీరు పేరు వడ్డిస్తున్నారు, అంతే కదా.

మీవల్ల కొత్త తగాదాలు కూడా వస్తున్నాయి. మా దొడ్లో పుప్పొడి కోసం ఉంచిన ఒక మగ చెట్టు ఉంది. "మీ మగ చెట్టు గాలి తగిలి మా రెడ్ లేడీ చప్పబడిందమ్మా, లేబుల్ మీద తియ్యగా ఉంటుందని రాశాడు" అని పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా నిలదీశారు. నేనేం చెప్పను? గుజ్జు తల్లి చెట్టుదేనండీ, తండ్రి ప్రభావం లోపలి గింజల్లోనే, అది వచ్చే తరంలో బయటపడుతుంది; చప్పదనం అంటారా, పండకముందే కోశారో, రోజూ బకెట్లకొద్దీ నీళ్లు పోశారో అన్నాను. ఆవిడ నమ్మలేదు. లేబుల్ మీద రాసింది కదా, నేను నోటితో చెప్పింది. అదే మగ చెట్టు దగ్గరికి డెంగీ రోజుల్లో ఆకుల కోసం వీధంతా వస్తుంది, ముందు డాక్టరుకి చూపించండి బాబూ అంటే వినకుండా మొవ్వు దాకా దూసుకుపోతారు. ఏడాదిలో దానికి గౌరవం దక్కేది ఆ సీజన్లోనే.

గింజల్లో తండ్రి ఉంటాడన్నానే, మీ మోసం మొత్తం అక్కడే ఉంది. బజార్లో రెడ్ లేడీ పండు కొంటారు, గింజలు తీసి నారు పోస్తారు, మీ మీద రెడ్ లేడీ అని అచ్చు వేస్తారు. హైబ్రిడ్ గింజకి తల్లి గుణాలు అలాగే రావాలని రూలు లేదు, పైగా ఆ తోటలో ఏ పుప్పొడి ఎగిరొచ్చిందో ఎవరు చూశారు? మీరు చేస్తున్నది పెళ్లిళ్ల పేరయ్య పని, తల్లి ఫొటో చూపించి పిల్లని కట్టబెట్టడం. రకం నిలవాలంటే మార్గం లేకపోలేదు: అర్క సూర్యలాంటి చెట్టుకి ద్విలింగ మొగ్గ విచ్చుకోకముందే కాగితం సంచి కట్టాలి, పిందె కట్టాక తీసి గుర్తు పెట్టాలి, ఆ కాయ గింజలకున్న జిగురు పొరని బూడిదతో రుద్ది కడిగి నీడన ఆరబెట్టాలి. మొలవడానికి రెండు మూడు వారాలు. ఇంతా చేసినవాళ్లు మీ మీద ఆ రకం పేరు రాసుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

మీకు నేనొక ముసాయిదా పంపుతున్నాను, అచ్చు వేయించుకోండి: "ఇది బొప్పాయి. తల్లి ఫలానా, తండ్రి ఎవరో మాకు తెలీదు. మగదో ఆడదో పూత వచ్చాక అదే చెబుతుంది. ఒక్కటి కాదు, మూడు కొనండి, రెండు పీకేయండి. నీరు నిలవనివ్వద్దు. అక్టోబర్‌కి ముందు కర్ర కట్టండి." పాప బొమ్మ ఉంచుకోండి, ఆ పాప చేతిలో కర్ర పెట్టండి.

ఇట్లు,
గోపాలపట్నం నుంచి,
మగ చెట్టున్న ఇంటివాళ్లు

తా.క.: పక్క వరసలో జామ మొక్క మెడలో మీ తమ్ముడు వేలాడుతున్నాడు, కిలో జామ అంటున్నాడు, పూతలో ఉన్న మొక్కకి నైలాన్ దారంతో బిగించి మరీ. బెరడు కోసుకుపోతోంది, ముందు ఆయన్ని కొంచెం వదులు కమ్మనండి. కిలో సంగతి తర్వాత మాట్లాడుకుందాం.