చక్రాల సంగతి వదిలేశారే!

1920ల నాటి రేసు కారు బుగాటి టైప్ 35 మీద మీ వ్యాసంలో, దాని గెలుపులన్నీ 8 సిలిండర్ల ఇంజన్ చలవేనన్నట్టు రాశారు. ఇంజన్ గొప్పదే, కాదనను. కానీ అసలు పనితనం కింద ఉంది. ముందు ఇరుసు లోపల బోలు. కమాన్ పట్టీలు దానికి పెట్టిన చదరపు రంధ్రాల్లోంచే దూరి పోతాయి. అల్యూమినియం చక్రంలోనే బ్రేక్ డ్రమ్మూ కలిసి ఉంటుంది. చక్రం ఊడదీస్తే డ్రమ్ము కూడా వచ్చేస్తుంది, డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి చక్రాన్ని ఆపే బ్రేక్ షూలు కళ్లెదుటే! రేసు మధ్యలో ఇదెంత కలిసొస్తుందో ఏ మెకానిక్‌నైనా అడగండి. 1924లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో తొలి రేసులో మాత్రం టైర్లు కొంప ముంచాయి. ఆ తర్వాత 1925 నుంచి 1929 దాకా సిసిలీలో జరిగిన టార్గా ఫ్లోరియో రేసు వరసగా బుగాటిదే. ఇంత బుర్రున్న కంపెనీ స్థాపకుడు ఎత్తోరె బుగాటి, ద్రవ పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులంటే మాత్రం 1930ల చివరిదాకా ససేమిరా అన్నాడు. మొండిఘటం!