పథ్యం ఒక్కరికే పెట్టకండి

మా ఆవిడకు షుగర్ అని తేలి రెండేళ్లయింది. అన్నం తగ్గించమన్నారు, రోజూ నడవమన్నారు డాక్టర్. ఆ మాట ఆమెకొక్కదానికే చెప్పారనుకున్నాను. తప్పు అక్కడే జరిగింది.

రాత్రికి ఆమెకు రెండు జొన్న రొట్టెలు, నాకూ పిల్లలకూ అన్నం, పప్పు. ఆదివారం పొద్దున నేను ఉగ్గాని బజ్జి కట్టించుకొచ్చి ఆమె ముందే పొట్లం విప్పేవాణ్ణి. "నీకొద్దులే, షుగర్ కదా" అనేవాణ్ణి. రాత్రి అన్నం మిగిలితే పారేయడానికి మనసొప్పక ఆమే తినేది, రొట్టెలు తిన్నాక కూడా! రక్తంలో షుగర్ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె తగ్గలేదని తెలిసినప్పుడు, నోరు కట్టుకోవాలని ఆమెనే కోప్పడ్డాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

నడక సంగతీ అంతే. పొద్దున ఐదున్నరకు నేను బయల్దేరేవాణ్ణి. "నువ్వూ రారాదా?" అంటే చాలా? కుళాయి నీళ్లు ఎవరు పట్టాలి? పిల్లలకు క్యారియర్లు ఎవరు కట్టాలి? మా కర్నూలులో ఎండాకాలం ఎనిమిది దాటితే బయట నడవలేం. అంటే ఆమెకు మిగిలే టైమే లేదు. ఇంటిపనే వ్యాయామం అనే మగవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు చెప్పింది, అదీ కాస్త ఆయాసం వచ్చేలా. పొయ్యి ముందు నిలబడితే అది రాదు.

ఇంగ్లండ్‌లో 50 ఏళ్లు దాటిన 3,722 జంటల మీద చేసిన పరిశోధన 2015లో వచ్చింది. ముందునుంచీ మంచి అలవాట్లున్న భాగస్వామి పక్కనుండటం కంటే, తమతో పాటు మారే భాగస్వామి ఉన్నప్పుడే ఎక్కువమంది మారారట. నేను రోజూ నడిచేవాణ్ణే, కానీ నా నడక ఆమెకు ఏం పనికొచ్చింది?

ఇప్పుడు నీళ్లు, క్యారియర్లు నా పని. ఇద్దరం కలిసే పోతున్నాం, రెండు రౌండ్లయ్యాక ఆమే నన్ను తొందరపెడుతుంది. రాత్రికి అందరికీ రొట్టెలే, పుంటికూర పప్పు, ఆ పక్కన ఉల్లిగడ్డ. పిల్లలు వారం రోజులు సణిగారు, తర్వాత మానేశారు. ఉగ్గాని నెలకొకసారి, ఇద్దరికీ ఒకే పొట్లం.

నిన్న రాత్రి పిండి నేను కలిపాను. తడుతుంటే అంచులు పగిలిపోయాయి. ఆమె వచ్చి చూసి, "నీళ్లు బాగా తెర్లినాక పొయ్యాలండీ" అని పక్కన కూర్చుంది.