ముందుమాట గారికి ఒక పాఠకుడి విన్నపం

మహారాజశ్రీ ముందుమాట గారికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి. పీఠిక, ఉపోద్ఘాతం, భూమిక, ఆముఖం, తొలిపలుకు, మున్నుడి అనే మీ అన్నదమ్ములకూ, ఆశీస్సులు, అభినందన, ‘నా మాట’ అనే మీ పిల్లలకూ కూడా ఈ ఉత్తరం చదివి వినిపించవలసిందిగా ప్రార్థన. విషయంలోకి వెళ్ళేముందు నన్ను గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం అవసరమనిపిస్తోంది. అటువంటి అవసరం ఒకటి ఉంటుందని నాకు నేర్పినవారు మీరే కనుక మన్నిస్తారని నమ్ముతాను.

నేను నాంపల్లిలో ఒక కార్యాలయంలో పద్దులు చూసే ఉద్యోగిని. ఉదయం లింగంపల్లిలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి, కిటికీ పక్క చోటు దొరికితే కూర్చుని, దొరకకపోతే తలుపు దగ్గర కమ్మీకి ఆనుకుని నిలబడి, సంచిలోంచి పుస్తకం తీస్తాను. రాత్రి భోజనమయ్యాక దోమతెరలో దూరి, లైటు ఆర్పమని మా ఆవిడ రెండోసారి చెప్పేవరకూ మళ్ళీ చదువుతాను. మొదటిసారి చెప్పినది లెక్కలోకి రాదని మా ఇంట్లో చాలా ఏళ్ళ కిందటే ఒప్పందం కుదిరింది. కథల సంపుటాలంటే ఇష్టం. స్వీయచరిత్రలంటే మరీ ఇష్టం, ముఖ్యంగా రాసినవారు తమ అమ్మమ్మగారి ఊళ్ళో తిన్న భోజనాలను వడ్డన వరుస తప్పకుండా వర్ణించేవి. మూడు వందల పేజీలు దాటిన నవలను ఎంతో గౌరవంగా చూస్తాను, అంటే దూరం నుంచి. పుస్తకంలో పెన్సిలు గీతలు గీయను, పేజీ మూల మడవను, ఎంత దగ్గరివారికైనా అరువివ్వను. ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల దొంతరల ముందు గొంతుక్కూర్చోవడం, డిసెంబరు చలిలో హైదరాబాదు పుస్తక ప్రదర్శన స్టాళ్ళ మధ్య కాళ్ళు నొప్పెట్టేదాకా తిరగడం నా వార్షిక కార్యక్రమాలు. ఇవన్నీ విన్నవారు నన్ను గొప్ప చదువరి అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా నేను తల వంచుకుంటాను. అది వినయమని వారు అనుకుంటారు.

అసలు సంగతి మీకూ నాకూ తెలుసు. లింగంపల్లి నుంచి నాంపల్లికి రైలు పట్టే సమయం సరిగ్గా మీ కొలతకు కుట్టించినట్టు ఉంటుంది. హఫీజ్‌పేట దాటేలోపు రచయితతో మీకున్న ముప్పయ్యేళ్ళ స్నేహం తెలుస్తుంది. బోరబండ దగ్గర ఆయన బాల్యంలో పడ్డ కష్టాలు, బేగంపేటలో ఆయన అక్షరాల్లోని ‘గుండె తడి’, ఖైరతాబాదులో ‘చదివించే గుణం’, లక్డీకాపూల్ వచ్చేసరికి ఆయన కలం నుండి మరిన్ని రచనలు జాలువారాలన్న ఆకాంక్ష. నాంపల్లిలో దిగే వేళకు నేను ఆ పుస్తకం చదివేసినవాణ్ణి అయిపోతాను. మిగతాది చదవడానికి సాయంత్రం రైలు ఉండనే ఉంది గాని, ఆ రైలుకు మరో పుస్తకం, ఆ పుస్తకానికి మరో ముందుమాట సిద్ధంగా ఉంటాయి.

మీ పలుకుబడి నిన్న మొన్నటిది కాదని నేనెరుగుదును. కావ్యాల కాలంలో మీరు అవతారిక అన్న పేరుతో వెలిగారు. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కావ్యాన్ని అంకితం పుచ్చుకునే కృతిభర్త వంశవర్ణన, ఆ పైన ఆయనకు అంకితమంటూ ‘కు’తో ముగిసే షష్ఠ్యంతాలు, ఇంత ఊరేగింపూ వెళ్ళిపోతే గాని కథ మొదలయ్యేది కాదు. ఆ పాత సామగ్రిలో ఇప్పుడు పూర్తిగా కనుమరుగైనది కుకవినింద ఒక్కటే. కుకవి ఎలా ఉంటాడో రాయబోయేసరికి తాము ఎవరి పుస్తకానికి ముందుమాట రాస్తున్నారో గుర్తొస్తుంది కాబోలు. స్తుతి మాత్రం చెక్కుచెదరలేదు. దేవతలు పోయి వారి స్థానంలోకి విశ్రాంత ఆచార్యులూ, అవధానులూ, అకాడమీ గ్రహీతలూ వచ్చారు, అంతే.

మీ బలం ఎంతటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ‘దేశభాషలందుఁ దెలుఁగు లెస్స’ అన్న పాదం రాని తెలుగువాడు ఉండడు. కృష్ణాతీరాన ఉన్న శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువు శ్రీకృష్ణదేవరాయల కలలో కనిపించి పలికిన ఆ పద్యం ఆముక్తమాల్యదలో ఎక్కడుందయ్యా అంటే, అవతారికలో ఉంది. (అంతకు ముందే క్రీడాభిరామమనే పాత రచనలోనూ ఇటువంటి మాట ఉందని నాకు తెలుసు. అదీ ఒక పీఠికలో చదివిందే.) ఆ తరువాత ఆరు ఆశ్వాసాల కావ్యం ఉంది. అందులో విష్ణుచిత్తుడనే భక్తుడి ఇంట్లో ఏ కాలానికి తగ్గ వంటలు ఆ కాలానికి అతిథులకు వడ్డించే పద్యాలు ఉన్నాయట. వడ్డన వర్ణనల కోసం ఊళ్ళన్నీ గాలించే నాబోటివాడికి అంతకన్నా ఏం కావాలి? అయినా ఏటా ఆగస్టు 29న గిడుగువారి జయంతికి ఆ పాదాన్ని బ్యానరు మీద రాయించి, దాని కింద నిలబడి ఫోటో దిగే మేమందరం అవతారిక స్టేషనులోనే దిగిపోయిన ప్రయాణికులం.

మీ వంశంలో మంచివారు లేరని నేననడం లేదు. శ్రీశ్రీ గీతాలకు చలం ‘యోగ్యతాపత్రం’ రాసింది 1940లో; మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది 1950లో. తన పుస్తకం కోసం పదేళ్ళు ఎదురుచూసిన ముందుమాట అది. కవిత్వాన్ని తూచే రాళ్ళు తన దగ్గర లేవని చలం చెప్పుకున్నారు. ఇష్టం లేనివాళ్ళు ఈ పేజీలు దాటేసి నేరుగా కవిత్వంలో పడండని కూడా అన్నారు. ‘నన్ను దాటిపో’ అని చెప్పగల ముందుమాటను ఎవరు దాటిపోగలరు? ఆయన తరువాత వచ్చినవారి దగ్గర రాళ్ళకు కొరత లేదు. ఒక్కొక్కరి దగ్గర సంచీ నిండా ఉన్నాయి. చిక్కల్లా అవన్నీ కిలో రాళ్ళే కావడం. వందగ్రాముల సరుకుకు తగిన రాయి ఎవరి సంచీలోనూ కనబడదు.

మీ భాషలోని మాటలు నాకు నోటికి వచ్చినంతగా మా నాన్నగారు నేర్పిన శ్లోకాలు కూడా రావు. మీ మాటల్లో స్థాలీపులాక న్యాయమంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్నది పాతకాలపు ఇల్లాళ్ళ తెలివి. దాన్ని సాహిత్యానికి తెచ్చి, రెండు కవితలు చూసి నూట ఇరవై కవితలకూ ఉడుకు ధ్రువీకరించడం మీ తెలివి. ‘విస్తరభీతిచే మరిన్ని ఉదాహరణలు ఇవ్వడం లేదు’ అన్న వాక్యం పన్నెండో పేజీలో కనిపించినప్పుడు, ఆ భీతి మూడో పేజీలోనే కలగకూడదా అనిపిస్తుంది. ‘ఆ అనుభూతిని పాఠకులకే వదిలిపెడుతున్నాను’ అన్నది మరొకటి. ఇంతా చేసి పాఠకుడికి మీరు వదిలిపెట్టేదేమీ ఉండదు. ఒక నవలకు రాసిన ముందుమాటలో, కథానాయిక చివర బావిలో దూకే సన్నివేశం హృదయాన్ని కలచివేస్తుందని మీరు రోమన్ అంకె ఆరు వేసిన పేజీలో చెప్పేశారు. ఆ తరువాత ఆ అమ్మాయి నీళ్ళకని బిందె తీసుకుని బయలుదేరిన ప్రతిసారీ నా గుండె దడదడలాడింది గాని, రచయిత కోరుకున్న దడ అది కాదు.

ఆ రోమన్ అంకెల సంగతి కూడా తేల్చుకోవాలి. పుస్తకం అట్ట వెనక నూట పన్నెండు పేజీలని వేస్తారు. మీరు ఆ లెక్కలో ఉండరు, ధరలో మాత్రం ఉంటారు. పద్దులు చూసేవాడిగా ఇది నాకు మింగుడుపడలేదు. మా వీధి చివర అచ్చుయంత్రం పెట్టుకున్నాయనను అడిగితే, పుస్తకం పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుందనీ, ఫారం నిండకపోతే కాగితం దండుగవుతుందనీ, అందుకని ఆఖరు క్షణంలో ఇంకొక పెద్దాయన దగ్గర నాలుగు మాటలు పుచ్చుకోవడం మామూలేననీ చెప్పాడు. ఇన్నాళ్ళూ నేను రసజ్ఞత అనుకుని చదివినదానిలో కొంత భాగం కాగితం పొదుపు అని తెలిశాక, దాని మీద నాకు కాస్త సానుభూతి కూడా కలిగింది.

మీ మీద నా ఫిర్యాదు ఇంతవరకూ వేళాకోళంగానే ఉందని గ్రహించాను. ఇక దాచకుండా చెబుతాను. కిందటేడు మా కాలనీలో ఒక పుస్తకావిష్కరణ సభ జరిగితే, గొప్ప చదువరినన్న పేరు ఉంది కనుక నన్నూ మాట్లాడమన్నారు. పుస్తకంలోని రెండు ముందుమాటలు చదివి, మొదటిదాని వాక్యాలను కొంచెం వెనకాముందు చేసి సిద్ధపడ్డాను. నాకన్నా ముందు మాట్లాడినాయన ఆ మొదటిదాన్నే యథాతథంగా అప్పజెప్పారు. నేను వెంటనే రెండోదానికి మారాను. నా తరువాత వచ్చిన వక్తకు ఏమీ మిగలక, ఆయన కొంతసేపు దగ్గి, ఈ పుస్తకం ఇంటింటా ఉండదగినదని చెప్పి కూర్చున్నారు. వేదిక మీద రచయిత మాత్రం మా ముగ్గురి మాటలకూ తలూపుతూనే ఉన్నారు. ఆయనకు ఆ వాక్యాలన్నీ పరిచయమైనవే కదా.

ఆ సభ జరిగిన తరువాతి ఆదివారం ఆబిడ్స్‌లో ఒక పాత నవల ఇరవై రూపాయలకు దొరికింది. అట్ట లేదు. పేరున్న పేజీ లేదు. పుస్తకం 17వ పేజీతో మొదలవుతోంది, అంటే మొదటి ఫారం కుట్టు ఊడి మొత్తంగా రాలిపోయిందన్నమాట; ఈ పుస్తకంలో మాత్రం మిమ్మల్నీ మామూలు అంకెల్లోనే లెక్కపెట్టారు కాబోలు. ఆ ఫారంలో ఉన్నవారు మీరేననడానికి ఒకే సాక్ష్యం, 17వ పేజీ మీద ‘ఒకటో ప్రకరణం’ అని ఉండటం. మరునాడు రైల్లో అలవాటు ప్రకారం మీకోసం వెతికి, మీరు లేకపోయేసరికి చేసేదేమీ లేక కథలోకి వెళ్ళాను. ఎవరో ఒక మనిషి వానలో గొడుగు మరిచిపోయి, దానికోసం వెనక్కి వెళ్ళడంతో అది మొదలైంది. రచయిత ఏ జిల్లావారో, ఎన్ని కష్టాలు పడ్డారో, ఇందులో గుండె తడి ఏ పేజీలో తగులుతుందో నాకెవరూ చెప్పలేదు. గొడుగు దొరుకుతుందో లేదో అన్న ఆదుర్దాలో నాంపల్లి దాకా వచ్చి, బండి ఆగినా లేవకపోతే ఊడ్చేవాళ్ళు వచ్చి లేపారు. ఆ రాత్రి లైటు ఆర్పమని మా ఆవిడ నాలుగోసారి కూడా చెప్పవలసివచ్చింది. నాలుగు రోజుల్లో నవల పూర్తయింది. ఎలా ఉందని ఆవిడ అడిగితే, ఎంత ఆలోచించినా, “బాగుంది” అన్న ఒక్క మాట తప్ప నా నోట ఏమీ రాలేదు. ఒక పుస్తకాన్ని గురించి నేను అంత తక్కువ మాట్లాడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి అని ఆవిడ అంది.

కనుక నా విన్నపమేమిటంటే, మిమ్మల్ని పుస్తకంలోంచి వెళ్ళిపొమ్మనడం లేదు. మీరు లేకపోతే నాబోటివారి సభాప్రసంగాలు ఏమైపోవాలి? కాస్త లేచి, చివరి ఫారంలోకి వెళ్ళి కూర్చోండి. అక్కడా కాగితం దండుగ కాదు. కథ అయిపోయి, రైలు ఇంకా స్టేషను చేరకపోతే, అప్పుడు రచయితతో మీ ముప్పయ్యేళ్ళ స్నేహాన్ని గురించి తీరికగా వింటాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
భవదీయుడు,
17వ పేజీ పాఠకుడు

తా.క.: మా కార్యాలయంలో ఒక మిత్రుడు తన మొదటి కవితాసంపుటికి నాలుగు మాటలు రాసిమ్మని పట్టుబట్టారు. కవితలు ఇంకా సగం రాయవలసి ఉందట. నా నాలుగు మాటలు నిన్న రాత్రే పూర్తయ్యాయి.