కూలిస్తేనే కలకాలం

పాత సినిమా హాళ్లను కూల్చవద్దని అర్జీలు పెట్టేవారి మనసు మంచిదే గానీ, హాలు కీర్తి ఎలా పెరుగుతుందో వారికి తెలియదని సవినయంగా మనవి చేస్తున్నాను. నిలబడి ఉన్న హాలుకు బాకీలు మిగులుతాయి. కూలిన హాలుకు కన్నీళ్లు దక్కుతాయి. న్యూయార్క్‌లోని రాక్సీ థియేటర్ ఇందుకు తిరుగులేని సాక్ష్యం.

1927 మార్చి 11న గ్లోరియా స్వాన్సన్ నటించిన చిత్రంతో తెరుచుకున్న ఆ హాలులో 5,920 సీట్లు ఉండేవి. దానిని నడిపిన శామ్యూల్ రోథాఫెల్‌ను అందరూ రాక్సీ అని పిలిచేవారు కనుక ఆ పేరే హాలుకు పెట్టి, ఇది చలనచిత్రాల కెథెడ్రల్, అంటే మహా చర్చి, అని చాటించారు. సీట్లు చూపించే కుర్రాళ్లకు సిపాయిలకిచ్చేంత శిక్షణ ఇచ్చారు. చర్చిల్లో మోగే ఆర్గాన్ అనే వాద్యం ముందు ఒక్కరు కూర్చుంటే చాలదని ముగ్గురు వాయించేలా అమర్చారు. అసలు కెథెడ్రల్‌లో దేవుడు ఒక్కరితోనే సరిపెట్టుకుంటున్నాడు, పాపం.

అయిదారేళ్లు తిరగకుండానే రోథాఫెల్ కూతవేటు దూరంలో, 1932 చివర తెరిచిన రేడియో సిటీ మ్యూజిక్ హాలుకు తరలిపోయాడు. దాని పక్కనే కట్టిన రెండో హాలుకు మళ్లీ రాక్సీ అని పేరు పెట్టగా, ఆ పేరు తమదంటూ పాత హాలు యజమానులు కోర్టుకెళ్లి గెలిచారు. ఆ విధంగా మనిషి ఒక చోట, అతని పేరు మరొక చోట కాపురం చేశాయి. పేరు పోగొట్టుకున్న ఆ రెండో హాలును 1954లో కూల్చారు. పేరు గెలుచుకున్న హాలును 1960లో కూల్చి, ఆ స్థలంలో ఆఫీసు భవనం లేపారు. న్యాయం ఇద్దరికీ సమానంగానే జరిగింది.

అసలు వైభవం అప్పుడే మొదలైంది. తొలినాటి తార స్వాన్సన్ నిలువెల్లా ముస్తాబై, ఆ శిథిలాల నడుమ చేతులు చాచి నిలబడగా లైఫ్ పత్రిక కోసం ఫోటో తీశారు. ప్రారంభోత్సవపు సినిమా పేరు చెప్పలేనివారు కూడా ఆ ఫోటోను గుర్తుపడతారు. చారిత్రక కట్టడాలను కాపాడే చట్టాన్ని ఆ నగరం 1965లో, అంటే రాక్సీకి అయిదో సంవత్సరీకం నాటికి, ఎంతో శ్రద్ధగా తెచ్చింది.

దురదృష్టమంతా రేడియో సిటీది. 1978లో మూతపడబోతుండగా జనం అడ్డుపడి దాని లోపలి భాగానికి చారిత్రక గుర్తింపు తెప్పించారు. ఆనాటి నుండి అది టిక్కెట్లు అమ్ముకుంటూ బతుకీడుస్తోంది. దాని రాళ్ల కుప్ప మీద నిలబడి ఫోటో దిగే భాగ్యం ఏ తారకూ దక్కలేదు.