కాకా అనకూడదట!

మొన్న ఆఫీసులో ఒకాయన నన్ను సరిదిద్దారు. "కాకా పట్టడం అనకండి, వినడానికి బాగోదు. దాన్ని రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్ అంటారు." అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. తెలుగువాడు ఇంత శ్రమపడి నిలబెట్టుకున్న శాస్త్రానికి పేరు మార్చేస్తారా?

ఎంత కట్టుదిట్టమైన శాస్త్రమో చూడండి. కాకా పట్టాలి. మస్కా కొట్టాలి. సోపైనా బిస్కెట్టైనా వెయ్యాలి. బిస్కెట్ పట్టినవాడు, కాకా కొట్టినవాడు పరీక్ష తప్పినట్టే. మస్కా అంటే హిందీలో వెన్న. వాళ్లు దాన్ని పూస్తారు, మనం కొడతాం. చేతివాటం తేడా, అంతే. ముఖస్తుతి, ఇచ్చకం లాంటి పెద్దింటి మాటలు ఇప్పుడు పెద్దగా బయటికి రావడం లేదు. ఉన్నవాటిలో మునగచెట్టు ఎక్కించడం ఒక్కటే కాస్త నిజాయతీ గలది. మునగకొమ్మ పెళుసు, ఎక్కినవాడు పడతాడని మాటలోనే హెచ్చరిక ఉంది. ఎక్కేవాళ్లు వినరు, అది వేరే సంగతి.

సరే, ఆ మేనేజ్‌మెంట్ ఎలా ఉంటుందో చెప్తాను. ఓ ఆదివారం పొద్దున్నే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మా పెద్ద సారు ఒక చుక్క పెట్టారు. మెసేజ్ మొత్తం అంతే, ఒక ఫుల్‌స్టాప్. నిమిషం తిరక్కుండా మొదటి నమస్కారం పడింది. వెనకే "సూపర్ సార్". ఇంకొకరు "ఎంత లోతు సార్!" మరొకరు "పరుగులాపి ఆలోచించమన్నారు, థాంక్యూ సార్". ఆలస్యంగా లేచినాయన, వెనకబడిపోయానన్న కంగారులో, "మా ఆవిడక్కూడా చదివి వినిపించాను సార్" అన్నాడు. చుక్కని ఎలా చదివాడో, ఆవిడ ఏమని విన్నదో!

పది దాటాక సారు "సారీ, మనవడు నొక్కేశాడు" అన్నారు. చప్పట్ల బొమ్మలన్నీ అటు మళ్లాయి. "అచ్చం తాత పోలికే సార్!"

నేనూ నవ్వాను. నవ్వుతూ స్క్రీన్ కాస్త పైకి జరిపితే, చుక్కకి సరిగ్గా పైన ఇంకో మెసేజ్ ఉంది. రాత్రి 2:40కి పెట్టింది. "లెక్కలన్నీ సరిపోయాయి సార్, ఫైలు పంపాను." మూడు రాత్రులు కూర్చుని ఆ పని ముగించిన జూనియర్ అమ్మాయిది. దాని కింద ఒక్క బొటనవేలు లేదు. ఒక్కటంటే ఒక్కటి! నాదీ లేదు. సిగ్గులేని జన్మలు, చుక్కలో లోతు కనిపించింది గానీ మనిషి కష్టం కనిపించలేదు. మేనేజ్‌మెంటట, మేనేజ్‌మెంట్! రేపు ప్రమోషన్ ఎవరికొస్తుందో నన్నడగకండి, పెళ్లానికి చుక్క చదివి వినిపించినవాణ్ణి అడగండి.

సోమవారం ఆ అమ్మాయి సీటు దగ్గరికెళ్లి "చాలా బాగా చేశావమ్మా" అన్నాను. తలెత్తి అనుమానంగా చూసింది.

"ఏంటి సార్, బిస్కెట్టా? మళ్లీ ఏం పని పడింది?"