వెనక్కి రావాల్సింది రిపోర్టు కూడా

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మెజెలన్ డయాగ్నస్టిక్స్ అనే కంపెనీ ఉంది. పిల్లల రక్తంలో సీసం ఎంత ఉందో చెప్పే లెడ్‌కేర్ యంత్రాలు దాని తయారీయే. 2013 నుంచి 2017 వరకు ఆ దేశంలో జరిగిన సీసం పరీక్షల్లో సగానికి పైగా ఇందులోని లెడ్‌కేర్-2 అనే ఒక్క మోడల్ మీదే జరిగాయని అక్కడి న్యాయశాఖ చెప్పింది. నరం నుంచి తీసిన రక్తాన్ని పరీక్షించినప్పుడు ఈ యంత్రాలు ఉన్నదాని కన్నా తక్కువ సీసం చూపించేవి. అల్ట్రా అనే కొత్త మోడల్ 2013 చివర్లో మార్కెట్లోకి రాకముందే ఈ లోపం కంపెనీకి తెలుసు. అయినా అమ్మింది. దీని మీద ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రజలను బహిరంగంగా హెచ్చరించేసరికి 2017 మే వచ్చింది. 2024లో కంపెనీ నేరం ఒప్పుకుని, 4.2 కోట్ల డాలర్లు, అంటే మన లెక్కలో సుమారు 350 కోట్ల రూపాయలు కట్టడానికి అంగీకరించింది.

కారు బ్రేకు పాడైతే నడిపేవాడికి వెంటనే తెలుస్తుంది. పరీక్ష యంత్రం తప్పు చెబితే రోగికీ తెలియదు, చాలాసార్లు డాక్టరుకూ తెలియదు. సీసం విషయంలో ఇది మరీ దారుణం. పసివాడి ఒంట్లో సీసం చేరుతున్నా మొదట్లో పైకి ఏ లక్షణమూ కనిపించదు. రక్తపరీక్షే ఆధారం. అందులో అంకె తక్కువగా వస్తే ఆ సీసం గోడ రంగు నుంచి వస్తోందా, నీటి గొట్టం నుంచి వస్తోందా అని ఎవరూ వెతకరు. బిడ్డ మాత్రం దాన్ని మింగుతూనే ఉంటాడు. మెదడుకు జరిగిన నష్టాన్ని తర్వాత ఎంత పరిహారం ఇచ్చినా పూడ్చలేం.

ఈ కేసులో కంపెనీ మోసం కన్నా మేం ఎక్కువగా ఆలోచిస్తున్నది హెచ్చరిక వచ్చాక జరిగిన దాని గురించి. ఆరేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులలో ఎవరెవరు మళ్లీ పరీక్ష చేయించుకోవాలో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ స్పష్టంగా చెప్పింది. అంటే యంత్రంతో పాటు, అది అంతకుముందు ఇచ్చిన రిపోర్టులనూ అనుమానించాలని ఒప్పుకుంది. ఆలస్యంగానే అయినా అది సరైన పని. మన దగ్గర రీకాల్ అంటే సరుకు గోడౌనుకు తిరిగి వెళ్లడం వరకే.

2020 ఏప్రిల్‌ను గుర్తుచేసుకుందాం. చైనా నుంచి తెప్పించిన కోవిడ్ యాంటీబాడీ కిట్లు 5.4 శాతమే సరిగ్గా పనిచేస్తున్నాయని రాజస్థాన్ వాటి వాడకం ఆపేసింది. అదే నెల 27న వాటిని సరఫరాదారులకు తిప్పి పంపమని భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ రాష్ట్రాలకు చెప్పింది. చర్చంతా కిట్ ధర ఎంత, డబ్బు కట్టారా లేదా అన్న దాని చుట్టూనే తిరిగింది. ఆ కిట్లతో పరీక్ష చేయించుకుని ఇంటికెళ్లిన మనుషుల ప్రస్తావన దాదాపు వినిపించలేదు.

ఇది డయాగ్నస్టిక్స్‌కే పరిమితమైన జబ్బు కాదు. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డిప్యూ 2010లో ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో వాటిని దాదాపు 4,700 ఆపరేషన్లలో వాడారు. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చేనాటికి కూడా ఆ రోగుల్లో సగానికి పైగా ఎక్కడున్నారో తెలియలేదు. పెద్దాసుపత్రిలో పడుకుని, ఫైలు రాయించుకుని ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల సంగతే ఇలా ఉంటే, వీధి చివర ల్యాబ్‌లో రక్తం ఇచ్చి వచ్చినవాళ్లను ఎవరు వెతుకుతారు?

చట్టం లేక కాదు. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల్లో రక్తపరీక్ష కిట్లూ ఉన్నాయి, ప్రమాదం ఉందని తెలిస్తే తయారీదారు లేదా దిగుమతిదారు సరుకు వెనక్కి తీసుకోవాలన్న నిబంధనా ఉంది. 2023 అక్టోబర్ నుంచి ఎక్కువ ప్రమాదం ఉన్న పరికరాలకూ లైసెన్స్ తప్పనిసరి అయింది. పరికరాలతో జరిగిన హానిని నమోదు చేయడానికి 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ అనే జాతీయ కార్యక్రమం నడుస్తోంది. ఇన్ని ఉన్నా సమాచారం కంపెనీ, నియంత్రణ సంస్థ, డీలర్, ల్యాబ్ వరకు వచ్చి ఆగిపోతోంది. ల్యాబ్ నుంచి రోగి దాకా మిగిలిన ఆ ఒక్క అడుగు వేయాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు.

విశాఖలో మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో పరికరాల పార్కు వచ్చాక మనం కొనేవాళ్లం మాత్రమే కాదు, చేసి అమ్మేవాళ్లం కూడా. అందుకే రెండు రాష్ట్రాలూ ఈ విషయంలో ఢిల్లీ కోసం ఎదురుచూడకూడదని మా అభిప్రాయం. ఏ పరీక్ష ఏ యంత్రం మీద, ఏ లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) కిట్‌తో చేశారో ప్రతి ల్యాబ్ రాసి ఉంచాలి. ల్యాబ్‌ల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లు ఇప్పటికే ఈ పని చేస్తున్నాయి, కాకపోతే ఆ గుర్తింపు తీసుకోవడం స్వచ్ఛందం. ల్యాబ్ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వచ్చినప్పుడు జిల్లా వైద్యాధికారులు (డీఎంహెచ్‌వోలు) ఈ రికార్డు అడిగి చూడాలి. రీకాల్ వస్తే సంబంధిత రోగికి ఫోన్ చేసి, మళ్లీ పరీక్ష ఉచితంగా చేయాలి. ఖర్చు కంపెనీదే.

ఇంట్లో సొంతంగా షుగర్ చూసుకునేవాళ్లకు ల్యాబ్ అండ కూడా ఉండదు. 2025 నవంబర్‌లో అబాట్ కంపెనీ అమెరికాలో సుమారు 30 లక్షల ఫ్రీస్టైల్ లిబ్రే 3 రకం, ఒంటికి అంటించుకుని షుగర్ చూసుకునే సెన్సార్ల మీద హెచ్చరిక ఇచ్చింది. కొన్ని సెన్సార్లు షుగర్‌ను తప్పుగా తక్కువ చూపిస్తున్నాయి. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ మానేస్తే ప్రాణం మీదకు వస్తుంది. ఇలాంటి సమస్యతో ముడిపడి ఉండొచ్చని ప్రపంచవ్యాప్తంగా ఏడు మరణాలు కంపెనీ దృష్టికి వచ్చాయి. సెన్సార్లయినా, షుగర్ చూసే స్ట్రిప్పులైనా అయిపోయేదాకా డబ్బా పారేయకండి, లాట్ నంబర్ దాని మీదే ఉంటుంది. రీడింగ్ మీద అనుమానం వస్తే ల్యాబ్‌లో సరిచూసుకోండి. పరికరం వల్ల హాని జరిగితే 1800-180-3024కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

ప్రభుత్వం నడిపే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో పరీక్ష చేయించుకున్నవాళ్ల రిపోర్టులు ఇప్పటికే వాళ్ల ఫోన్లకు వెళ్తున్నాయి. ‘మీ పరీక్ష చేసిన కిట్ వెనక్కి తీసుకున్నాం, మళ్లీ రండి’ అన్న తెలుగు మెసేజ్‌ను అదే నంబరుకు పంపే ఏర్పాటు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.